పసుపు పండే ఇంట్లో పసుపు గోలీలు

మా అక్కను కోరుట్ల దగ్గరి ఊరికి ఇచ్చాం. వాళ్ళది పసుపు పండించే ఇల్లు. అలాంటి ఇంట్లో, దేవుడి పటాల పక్కన పసుపు గోలీల డబ్బా చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికొచ్చిన పసుపంతా బస్తాలకెత్తి మార్కెట్‌కు పంపి, అదే పసుపును డబ్బాలో కొనుక్కుని మింగుతోంది! నేను చూసేసరికే ఆలస్యమైపోయింది.

డబ్బా ఇచ్చింది అక్క ఆడబిడ్డ, నాకు వదినవుతుంది. కోరుట్లలో ఇల్లిల్లూ తిరిగి ఇలాంటివి అమ్ముతుంది. అక్కకు చాలా ఏళ్ళుగా షుగర్. “ఇంగ్లీషు గోలీలు కిడ్నీలను ఖరాబ్ జేస్తయి. గివైతే చెట్ల మందు. గవన్నీ బంద్ వెట్టు” అందట వదిన. అక్క బంద్ పెట్టేసింది. సిరిసిల్లలో ఉండే నాకు ఒక్క మాటైనా చెప్పలేదు.

పసుపు ఉడకబెట్టిన రోజు ఫోన్ చేసింది. డ్రమ్ములోంచి కల్లంలో పోసిన కొమ్ములు పొగలు కక్కుతుంటే, మిగతా ఆడవాళ్ళు దగ్గరికి కూడా రాలేకపోయారట.

“నేను ఉత్త కాళ్లతోని తొక్కుకుంట కల్లమంత నెరిపిన చెల్లె! జర గూడ సుర్రుమనలే. గా గోలీల మహిమనే” అంది.

కుట్టు మిషన్ మీద ఎవరిదో పెళ్ళి జాకెట్ ఉంది, నేను తొందరలో ఉన్నాను. ఏం గోలీలని అడగలేదు. నవ్వి పెట్టేశాను. ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

పది రోజులకు అక్క కూతురు ఏడుస్తూ ఫోన్ చేస్తే పరుగెత్తాను. పాదం వాచిపోయి ఉంది. అడుగున బొబ్బలు పగిలి, వాటి మీద మందంగా పసుపు మెత్తి ఉంది. వాసన వస్తోంది. కాలు పోతుందేమోనని భయపడుతూ జగిత్యాల ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

“షుగర్ ఎక్కువై కాళ్ళకు స్పర్శ పోయిందమ్మా. అందుకే వేడి తెల్వలే” అన్నాడు డాక్టర్. “జొన్నరొట్టె తినుండ్రి, ఆకుకూరలు తినుండ్రి, ఎవలద్దన్నరు? గోలీలెందుకు బంద్ జేసిండ్రు?”

జొన్నరొట్టె ఎక్కడిది! మూడు పూటలా తెల్లన్నం తిని, పైన ఒక పసుపు గోలీ. రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది.

నేను ఆస్పత్రి నుంచి తిన్నగా వదిన ఇంటికి వెళ్ళాను. మంచం మీద కాళ్ళు చాపుకుని టీ తాగుతోంది. నోటికొచ్చినట్టు తిట్టాను. వాడకట్టంతా వినాలనే తిట్టాను.

“నన్నెందుకు తిడ్తవే? నేను గూడ గవే తింటున్న. నాకు లేదా షుగర్? షుగర్ గోలీలు బంద్ వెట్టి ఏడాదాయె. నాకేమైంది, సూడు!” అంది వదిన.

కోపంతో ఆమె కాలి బొటనవేలు పట్టుకుని గోళ్ళు దిగేలా గిచ్చాను. చర్మం చిట్లి రక్తం వచ్చింది.

వదిన నా మొహం వంకే చూస్తూ, “ఏందే, మాట్లాడవేంది?” అంది.