శిల్పశ్రీ మిస్, గుప్పెడు గింజలు

శిల్పశ్రీ ఒక చోట కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. పుట్టింది కన్నడ సీమ అంచున, ఇళ్లల్లో తెలుగు మాట్లాడే మంగళవాడలో. టైలరింగ్ నేర్చుకోవడానికి వెళ్లి మధ్యలో వదిలేసింది. ఇంటి చేను సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక ఆ సోలార్ కంపెనీ ఆఫీసులోనే చేరి, కుర్చీలో కూర్చోలేక వచ్చేసింది. చివరికి నిడుగల్లు దగ్గరి సర్కారు బడిలో గెస్ట్ టీచరయింది. అక్కడ ఆమెకు దొరికిన పని చూడండి: నలుగురేసి పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరూ మెల్లగా చదువుతుంటే వినడం.

పిల్ల ఒక మాట దగ్గర ఆగితే ఈమెకు ప్రాణం నిలవదు. కాలు ఊపుతుంది, కిటికీలోంచి చూస్తుంది, ఇక ఆగలేక ఆ మాట తనే చెప్పేస్తుంది. ఇంట్లో తెలుగు, పుస్తకంలో కన్నడం, పిల్లలు ఆగకుండా ఎట్లా ఉంటారు? రెండో తరగతి మోనిక అయితే పుస్తకం చూడడమే మానేసింది. మాట అడ్డం పడగానే తలెత్తి మిస్ పెదాలకేసి చూసేది. అది గమనించిన రోజు శిల్పశ్రీకి తన మీద తనకే ఒళ్లు మండింది.

మర్నాటి నుంచి డబ్బాలో వేయించిన వేరుశనగ గింజలు తెచ్చుకుంది. పిల్ల ఆగగానే గుప్పెడు నోట్లో వేసుకునేది. నములుతున్నంత సేపు మాట రాదు. పిల్లలు ఊరుకుంటారా, వాళ్లకూ తలా కాసిన్ని పంచాల్సి వచ్చింది.

హెడ్మాస్టరు కేశవమూర్తికి ఇది నచ్చలేదు.

"ఏందమ్మా ఇది, చదువు చెప్తాండావా, చెనిక్కాయలు మేపుతాండావా? అందరినీ ఒకటేసారి గట్టిగా చదివిస్తే అయిపోతాది గదా."

"నా నోరు ఊరికే ఉండదు సార్. దానికి పని పెట్టినాను."

"శనివారం నేనొచ్చి కూర్చుంటాను. ఆ మోనిక చదివితే సరి. లేకుంటే ఈ గుంపులు ఆపేద్దాం."

ఆ వారమంతా శిల్పశ్రీకి అన్నం సయించలేదు. గుంపులు పోతే మోనిక మళ్లీ తరగతి కేకల వెనక దాక్కుంటుంది, ఊరికే పెదాలు కదుపుతూ పై తరగతికి వెళ్లిపోతుంది. ఆ భయంతో ఇంట్లో కూడా నిలకడ లేక గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరిగింది.

శనివారం సారు వచ్చి చాప మీద కూర్చున్నారు. మోనిక వేలు పెట్టి కన్నడ కథ చదవసాగింది. మేకపిల్ల ఎండలో తిరిగి అలసిపోయింది, దేనికోసమో వెతికింది. ఆ దేనికోసమో అన్న చోటే వేలు ఆగింది. శిల్పశ్రీ గింజలు నోట్లో వేసుకుంది. గదిలో నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. సారు కదిలారు, గొంతు సవరించుకున్నారు, మాట అందించబోయారు.

మోనిక తలెత్తలేదు. వేలు పుస్తకం మీదే ఉంచి, రెండో చేత్తో తన వంతు గింజలు ఆయన ముందుకు జరిపింది.

"సార్, మీరూ నోట్లో ఏస్కోండి. నేను చూస్తాండాను."

ఆయన ఏమనుకున్నారో ఏమో, వేసుకున్నారు.

"నె... ర... ళు. నెరళు," అంది మోనిక. తర్వాత తనలో తనే, "నీడ. ప్యానెల్ కింద ఉంటాది చూడు, అది." మేకపిల్లకు నీడ దొరికింది గనక మోనిక కింది వాక్యానికి పోయింది.

శిల్పశ్రీ చున్నీతో కళ్లు తుడుచుకుని, భయం భయంగా సారు వైపు చూసింది. మోనిక మరో మాట దగ్గర ఆగింది. సారు గింజల డబ్బా కోసం చెయ్యి చాచారు.