పంటుని తిప్పిన గొంతు

ఫ్రాన్సు నుంచి తిరిగొచ్చాక సత్యవాణి నోరు తెరిచే ముందు ఒకసారి గోడ వైపు చూస్తోంది. అక్కడొక చిన్న ఊరి బళ్ళో ఏడాదిపాటు పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించే అసిస్టెంటు ఉద్యోగం చేసింది. బడి వదిలాక ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. నరసాపురంలో చేపలమ్మే తల్లి పెద్దింట్లమ్మకి ఫోను చేసి నాలుగు మాటలనేసరికి పక్కగదిలోంచి గోడ మీద కొట్టేవారు. మొదట గొంతు తగ్గించింది. తరవాత దుప్పటి కప్పుకుని మాట్లాడింది. చివరికి ఊఁ కొట్టి సరిపెట్టేది. ఒకప్పుడు తల్లి గంపతో వెనకబడితే, జనాన్ని నది దాటించే పంటు కదిలిపోయినా దాన్ని ఒక్క కేకతో రేవుకి తిప్పించిన గొంతు అది.

ఒకరోజు ఉదయం జలుబుతో పెద్దింట్లమ్మ గొంతు బొంగురుపోయింది. గంపెత్తుకుని కూతురితో రేవులోకి దిగేసరికి అవతలి ఒడ్డుకెళ్ళే పంటు కదిలిపోతోంది. "కేకెయ్యవే, లోవరాజు ఆపుతాడు" అని కూతుర్ని ముందుకి తోసింది. సత్యవాణి నీళ్ళదాకా పరిగెత్తి, పంటు నడిపే లోవరాజుతో, "బాబాయ్, కొంచెం ఆపు" అంది. గట్టు మీద మేస్తున్న మేక కూడా తలెత్తలేదు. మళ్ళీ నోరు తెరిచింది. మెడ నరాలు పొంగాయి గాని కేక రాలేదు. పంటు నది మధ్యకి చేరిపోయింది. పెద్దింట్లమ్మ గంప దించి, చేపల మీద తడిగుడ్డ సర్దుకుంది. జలుబు తగ్గాక ఆవిడ గొంతు మళ్ళీ రేవంతా మోగింది. సత్యవాణితో మాత్రం, ఇంటికొచ్చిన కొత్తమనిషితో అన్నట్టు, మెల్లిగా మాట్లాడుతోంది.