కొల్లేరు మీద విమానం

తొంభైల చివర్లో ఒక చలికాలం, రోజూ పొద్దున్నే ఒక చిన్న విమానం తాటిచెట్లను రాసుకుంటుందేమో అన్నంత కిందుగా తిరిగేది. పొలాల మీద ఒకసారి పోయి ఊరుకునేది. కొల్లేరు మీద మాత్రం పోయిన దారినే మళ్లీ మళ్లీ వచ్చేది. అణు ప్రమాదం జరిగితే గాలిలో కలిసే రేడియేషన్‌ను కొలిచే విమానమని పేపర్లో రెండు ముక్కలు పడ్డాయి. అంతే, కొల్లేరు నీళ్లలో విషం దిగిందన్నారు.

మాది చేపల వ్యాపారం. మా ఆయన కొల్లేరు చేపలను ఐసు పెట్టెల్లో తెచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటలుకు వేసేవారు. మా ఇల్లు గడిచేదే ఆ హోటలు మీద. హోటలాయన పెట్టె మూత కూడా తీయకుండా తిప్పి పంపాడు.

"డిగ్రీ చదివావుగా, వెళ్లి ఆ విమానం వాళ్లనే అడుగు," అన్నారు మా ఆయన.

"అడగడానికి డిగ్రీ ఎందుకండీ, నోరుంటే చాలదూ?"

కొర్రమీను పులుసు క్యారియర్లో పెట్టుకుని, భవానీపురంలో ఆ విమానం తాలూకు ఆఫీసరు దిగిన గెస్ట్‌హౌస్‌కు వెళ్లాను.

"ప్రమాదమేమీ జరగలేదండీ," అన్నాడాయన. "రేపెప్పుడైనా జరిగితే పోల్చుకోవడానికి, మామూలు గాలి ఎలా ఉంటుందో ముందే కొలుస్తున్నాం."

"మామూలు గాలి మా కొల్లేరు మీదే ఉందా? పొలాల మీద లేదా?"

"మట్టిలో ఎక్కడైనా కాస్త రేడియేషన్ ఉంటుందండీ. పొలాల మీద అదీ కలుస్తుంది. నీళ్లు దాన్ని ఆపేస్తాయి. అక్కడ కొలిస్తే గాలిది విడిగా తెలుస్తుంది."

అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నమ్మాలని ఎక్కడుంది? ఇంత తేలిక మాట పేపర్లో ఎందుకు వేయించలేదో! క్యారియర్ మూత తీసి ముందు పెట్టాను.

"అయితే తినండి."

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "నేను చేపలు తిననండీ."

"ఎప్పట్నుంచి? మొన్నట్నుంచా?"

"పుట్టినప్పట్నుంచండీ!"

"పోనీ, హోటలాయనకు ఫోన్ చేసి ఈ మాటే చెప్పండి."

"పైనుంచి పర్మిషన్ కావాలండీ."

అదే క్యారియర్‌తో బెంజ్ సర్కిల్ వెళ్లాను. ఆఫీసరు చెప్పిందంతా గడగడా అప్పజెప్పాను. హోటలాయన ఓపిగ్గా విని, "ఆయన తిన్నాడా చెల్లెమ్మా?" అన్నాడు.

"శాకాహారి."

"బానే కుదిరింది. మరి నువ్వో?"

ఆకు వేయించాడు, అన్నం పెట్టించాడు. సర్వర్లు పని ఆపి నిలబడ్డారు. బయట ఏదో మోత, లారీయో విమానమో. ముక్క తుంచి ముల్లు తీశాను. లేని ముళ్ల కోసం ఇంకాసేపు వెతికాను.

"అయిందా, ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

నోట్లో పెట్టుకున్నాను. పులుపు సరిగ్గా కుదిరింది. నేను మింగేదాకా ఆయన నా గొంతు వంకే చూశాడు.

"రేపు ఒక్క పెట్టె పంపించు," అన్నాడు. "దాంతోపాటు నువ్వూ రా. ఎలా ఉన్నావో చూసి దించుకుంటాను."