కొసరుగా వచ్చిన రంపపు బద్ద

మండవల్లి దాటాక కాలవ గట్టు వెంబడి ఉన్న వీధిలో ఏ ఇంట పెళ్ళి కుదిరినా, శుభలేఖలు అచ్చుకు వెళ్ళకముందే బుచ్చిబాబు ఇంటికి తాంబూలం వచ్చేది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ వీధిలో పందిరిరాట ఆయన చేతిదే.

రాటంటే ఏముంది, ఒక కొమ్మే. కానీ ముహూర్తం వేళకు పాలుగారే మేడికొమ్మను కొట్టి తెచ్చి, పసుపు రాసి, కొత్తగుడ్డ కట్టి, నవధాన్యాలు పోసిన గుంటలో నిలబెడితేగాని ఆ ఇంట పెళ్ళిపందిరి లేవదు. పైగా చెట్టు దిగిన కొమ్మ గుంటలోకి వెళ్ళేదాకా నేల తగలకూడదని ఆ వీధివాళ్ళ పట్టింపు. బుచ్చిబాబు కుడిచేత్తో కత్తి ఎత్తి మూడంటే మూడు వేట్లు వేసేవాడు. నాలుగోది ఎవరూ చూడలేదు. కొమ్మ వచ్చి ఎడంచేతి భుజం మీద పసిపిల్లలా వాలేది.

ఆయనకు మూడెకరాల వరిచేను, ఒక గేదె, ఒక అచ్చాయమ్మ. అంతకు మించి ఆస్తి లేదు. పంచాయితీకి పిలవరు, మీటింగులో కుర్చీ వెయ్యరు. కానీ రాట రోజున మాత్రం ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, మెడ కొంచెం పైకెత్తి నడిచేవాడు. ఆ మెడను చూసి అచ్చాయమ్మ తలుపు చాటున నవ్వుకునేది.

పోయిన వానాకాలం చేలో గట్టు మీద జారిపడ్డాడు. కుడిభుజం పట్టేసింది. చెయ్యి భుజానికి మించి లేపొద్దని డాక్టరు చెప్పాడు. లేపమన్నా లేవదు. వీధిలో అందరితోనూ "కొంచెం పట్టేసిందంతే" అంటాడు గానీ, ఆ లాల్చీ తొడిగేది ఎవరో అచ్చాయమ్మకే తెలుసు.

పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని, మాఘంలో ఎదురింటి పెళ్ళికి మిషను రంపం ఉన్న రాజ్ కుమార్ని పిలిచారు. మిషను గర్రుమంది, కొమ్మ దబ్బున నేల మీద పడింది. పెద్దవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పంతులుగారు గబగబా నీళ్ళు చల్లి సరిపెట్టారు. ఆ పెళ్ళిలో బుచ్చిబాబు సాంబారన్నం దాకా తిని, పెరుగు వడ్డించేవాడు వస్తుంటే లేచొచ్చేశాడు. పెరుగు లేకుండా విస్తరి ముందునుంచి లేవడం ఆయన జన్మలో అదే మొదలు.

"కడుపులో బాగోలేదా అండీ?" అంది అచ్చాయమ్మ.

"బాగానే ఉంది."

"మరి పెరుగు బాగోలేదా?"

"ఏమేవ్, నీకు ప్రశ్న వెయ్యకపోతే పొద్దు గడవదా?"

గడవదు. ఐదో తరగతి దాకానే చదివింది గానీ, ఆ ఐదేళ్ళూ మేష్టారు చెప్పినదానికంటే ఆమె అడిగినదే ఎక్కువట. బస్సెక్కితే కండక్టరు పిల్లల చదువుల దాకా, ఆస్పత్రికి వెళితే పక్క మంచం వాళ్ళ అల్లుడి ఉద్యోగం దాకా తెలుసుకుంటేగాని వదలదు.

వైశాఖంలో పక్కింటి వీరేంద్ర కూతురు పింకీ పెళ్ళి కుదిరింది. వీరేంద్ర తాంబూలం పట్టుకొచ్చి గుమ్మంలో నసిగాడు.

"బాబాయ్, రాట శుక్రవారం తొమ్మిది పన్నెండుకి. మీరు కొడతారా, రాజ్ కుమార్‌కి చెప్పేదా?"

"నాకేం తక్కువైందిరా?" అన్నాడు బుచ్చిబాబు.

వీరేంద్ర వెళ్ళాక ఆయన గోడకున్న కత్తి తీశాడు. ఛాతీ దాకా లేచింది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ గోడకు తగిలించి, గేదెకు నీళ్ళు పెట్టే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయాడు. వంటింట్లోంచి అచ్చాయమ్మ అంతా చూసింది. ఈసారి కూడా ఆ కొమ్మ ఇంకొకరు కోస్తే ఈ మనిషి మళ్ళీ మెడెత్తి నడవడని ఆమెకు అర్థమైపోయింది. ఎనిమిది రోజులుంది.

మర్నాడు పొద్దున్నే గట్టు మీది మేడిచెట్టు దగ్గరికి వెళ్ళి, రాటకు పనికొచ్చే కొమ్మ చుట్టూ దారం చుట్టి, లావు కొలతకు ముడేసుకుంది. జాకెట్టు ముక్కలు తెచ్చుకుంటానని మొగుడికి చెప్పి ఏలూరు బస్సెక్కింది. కొల్లేరు దాటేలోగా కండక్టరుని మూడుసార్లు అడిగి, ఎలీయాజరు ఇనప సామాన్ల కొట్టు ఆచూకీ పట్టింది.

"ఏం కావాలండి అమ్మగారూ?"

"రంపం నాయనా. భుజం లేపకుండా కోసేది ఉందా?"

"కోసేది ఎవరండి?"

"మా ఆయన. పేరు రాసుకుంటావా?"

ఎలీయాజరు నవ్వి విల్లులా వంగిన ఇనప గొట్టం ఒకటి దించాడు. ఆ విల్లుకు నారి కట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు పళ్ళ బద్ద బిగించి ఉంది. "విల్లు రంపమండి. మోచెయ్యి ఆడిస్తే చాలు. అదిమి తొయ్యక్కర్లేదు, దాని బరువుకే దిగుతుంది."

"ఈ మీట ఎందుకూ?"

"బద్ద బిగించడానికండి. వదులైతే వంకర కోస్తుంది."

"బిగిసిందని ఎలా తెలుస్తుంది?"

"గోటితో మీటి చూడండి. టంగుమనాలి."

అచ్చాయమ్మ మీటింది. టంగుమంది. సరదాగా ఉందని మళ్ళీ మీటింది. కొట్లో ఉన్న ఇద్దరు బేరగాళ్ళు తిరిగి చూశారు.

"ఎంత సైజు తీసుకోవాలీ?"

"కొమ్మ ఎంత లావండి?" అన్నాడో లేదో, ఆమె సంచిలోంచి ముడేసిన దారం తీసి బల్ల మీద గుండ్రంగా పెట్టింది. ఎలీయాజరు దాన్ని చూసి తల ఊపాడు. "లావుకి రెండింతలైనా ఉండాలండి బద్ద. లేకపోతే చెయ్యి ఆడదు. మీకు రెండడుగులది హాయిగా సరిపోద్ది. పచ్చి కర్రా, ఎండు కర్రా అండి?"

"కర్ర కర్రే కదా?"

"కాదండి. ఇదిగో, దీనికి పళ్ళు సన్నం, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎండు కర్రకి. దీనికి పళ్ళు పెద్దవి, మధ్య మధ్య సందులున్నాయి. పచ్చి కర్రకి."

అచ్చాయమ్మ రెండు బద్దల్నీ వెలుతురులో పెట్టి చూసింది. "పేలు దువ్వేది ఏ దువ్వెనయ్యా? పళ్ళు ఎడమున్నదా, దగ్గరున్నదా?"

"దగ్గరున్నదేనండి."

"మరి?"

"ఇది దువ్వెనల కొట్టు కాదండీ…" అని ఎలీయాజరు ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే మూలనున్న ఎండు సరుగుడు కర్ర మీద సన్నపళ్ళ రంపం పెట్టేసింది. నాలుగు లాగుళ్ళకు కర్ర రెండైంది. ఇంకేం చెప్పినా ఎక్కలేదు.

"ఇదే ఇచ్చెయ్. మరి కొసరేదీ?"

"రంపానికి కొసరేంటండి?"

"వంకాయలమ్మే మనిషి కరివేపాకు రెబ్బ వేస్తుంది. చీరలవాడు జాకెట్టు ముక్క వేస్తాడు. ఇంత కొట్టు పెట్టుకుని నువ్వు ఒట్టి చేతులతో పంపుతావా?"

పావుగంట గడిచింది. చివరికి ఎలీయాజరు, ఒక కొస తుప్పెక్కి అమ్ముడుపోక పడి ఉన్న పెద్దపళ్ళ బద్దను కాగితంలో చుట్టి సంచిలో పడేశాడు. "పచ్చి కర్రకి ఇదేనండి, గుర్తుంచుకోండి" అని గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. కొసరు దొరికిన ఆనందంలో ఆమెకు అది వినపడలేదు.

ఇంట్లో బుచ్చిబాబు రంపాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "జాకెట్టు ముక్కలు బాగున్నాయి. రంపం వడ్రంగిది. రాటకి కత్తే."

"రాటకని ఎవరన్నారండీ? పెరట్లో తుమ్మ దుంగ అడ్డంగా ఉంది. రెండు ముక్కలు చేసి పెట్టండి చాలు."

మొక్కుబడిగా దుంగ మీద రంపం పెట్టాడు. మోచెయ్యి ముందుకూ వెనక్కూ ఆడింది. భుజం ఉన్నచోటే ఉంది. దుంగ తెగింది. ఆయన చేతిని ఒకసారి, రంపాన్ని ఒకసారి చూసి, ఇంకో దుంగ ఉందా అని అడిగాడు.

ఇక పట్టపగ్గాల్లేవు. నాలుగు రోజుల్లో పొయ్యిలోకి ఆరు నెలల కట్టెలు తయారయ్యాయి. ఊగుతున్న స్టూలు కాళ్ళు సమం చేస్తానని ఒకటి కోశాడు, అది పొట్టిదైందని మిగతా మూడూ కోశాడు, మళ్ళీ మొదటిది పొడుగైందని దాన్ని కోశాడు. గురువారానికి ఆ స్టూలు పీటయింది. "పీట కూడా కావాలన్నావుగా" అన్నాడు. ఆవిడ ఎప్పుడూ అనలేదు.

కొసరు బద్ద సంగతి వేరు. తుప్పు గీకి, ఒక కొసకు గుడ్డ చుట్టి, అచ్చాయమ్మ దాంతో చేపల పొలుసు తీస్తోంది. శీలావతి పొలుసు ఆ పెద్దపళ్ళకు ఎగిరెగిరి పడుతుంటే, ఇంత మంచి కొసరు ఏలూరులో ఇంకెవరూ కొట్టుకొచ్చి ఉండరని మురిసిపోయింది.

శుక్రవారం ఎనిమిదిన్నరకే మేడిచెట్టు దగ్గర వీధంతా ఉంది. పసుపుకుంకాల పళ్ళేలతో ఆడవాళ్ళు, చెవి దగ్గర ఫోనుతో వీరేంద్ర, గడియారం చూసుకుంటూ పంతులు నరసింహమూర్తిగారు. బుచ్చిబాబు ఇస్త్రీ లాల్చీలో వచ్చాడు. చేతిలో రంపం చూసి జనం గుసగుసలాడారు. ఆయన వినిపించుకోలేదు. కొమ్మ నడుమెత్తులోనే ఉంది. బెరడు చీలకుండా ముందు కింద నుంచి ఒక గాటు పెట్టి, తర్వాత పైనుంచి మొదలుపెట్టాడు.

నాలుగు లాగుళ్ళు బాగానే నడిచింది. ఐదోసారి రంపం జారింది. ఆరోసారి కదల్లేదు. బయటికి లాగి చూస్తే, పచ్చి పొట్టు మేడిపాలతో కలిసి పళ్ళ మధ్య రొట్టెపిండిలా గట్టిపడి ఉంది. గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పూడుకుపోయింది. లాల్చీ వీపుకు అంటుకుంది.

"పాపం, చెయ్యి ఆడటం లేదు" అన్నారెవరో వెనకనుంచి.

వీరేంద్ర దగ్గరికొచ్చాడు. "బాబాయ్, ఏమీ అనుకోకండి. రాజ్ కుమార్ రోడ్డు మీదే ఉన్నాడు. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాడు. పిలిచేదా?"

బుచ్చిబాబు తల దించుకుని పళ్ళలోని ముద్దను గోటితో గీకుతున్నాడు. పైకెత్తి నడిచిన ఆ మెడ వంగి ఉండటం అచ్చాయమ్మ చూసింది. సరిగ్గా అప్పుడే గోళ్ళలో ఇరుక్కున్న ఆ ముద్ద కూడా ఆమెకు కనపడింది. సందులు. పచ్చి కర్ర. కొట్టు గుమ్మంలో నిలబడి ఎలీయాజరు చెప్పిన మాట ఇప్పటికి వినపడింది.

పచ్చి పొట్టు పోవడానికి పళ్ళ మధ్య చోటుండాలి. తడితల దువ్వడానికి పేలదువ్వెన ఎవరైనా పడతారా?

"ఆగు వీరేంద్రా!" అని పళ్ళెం పక్కనున్నావిడ చేతిలో పెట్టేసింది. "ఆయన చేతిలో ఏ లోపం లేదు. తప్పు నాది. కొట్టతను పచ్చి కర్రకి పెద్దపళ్ళది పట్టుకెళ్ళమన్నాడు. నేను వినలేదు. సన్నపళ్ళదే గొప్పదని వాదించి మరీ తెచ్చాను. ఉండండి, రెండోది ఇంట్లో ఉంది!"

అరవై ఏళ్ళ మనిషి కొంగు బిగించి గట్టు మీద పరిగెత్తింది. వీధి వీధంతా నోరు తెరిచి చూసింది. ఆమె ఒక తప్పు ఒప్పుకోవడం వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

రెండు నిమిషాల్లో బద్దతో తిరిగొచ్చింది. దాని మీద ఎండలో తళుక్కుమని రెండు పొలుసులు మెరిశాయి.

"అయ్యో, చేపలు గీకిన దాంతో పెళ్ళిరాటా!" అంది పళ్ళెం పట్టుకున్నావిడ.

అందరూ పంతులుగారి వైపు తిరిగారు. నరసింహమూర్తిగారు గడియారం చూశారు. బద్దను చూశారు. "అమ్మా, కొల్లేటి పక్కన కాపరముండి చేప తగలనిది ఎక్కడ తేను? కలశంలో పోసే నీళ్ళు చేపలనడిగే తెస్తున్నామా? పసుపునీళ్ళతో కడిగివ్వండి. ఇంకా ఏడు నిమిషాలే ఉంది."

బుచ్చిబాబు మీట వదిలి పాత బద్ద ఊడదీశాడు. కడిగిన బద్దను రెండు కొసలా తగిలించి, మీట నొక్కాడు. అచ్చాయమ్మ గోటితో మీటింది. టంగుమంది.

"ఆ కొస నువ్వు పట్టుకో" అన్నాడాయన మెల్లగా.

"నేనా?"

"ఏం, ప్రశ్నలొద్దు. నేను లాగినప్పుడు వదులు, నువ్వు లాగినప్పుడు నేను వదులుతా."

విల్లుకు ఆ కొస ఆమె, ఈ కొస ఆయన. తడిపొట్టు చేగోడీల్లా చుట్టలు చుట్టుకుని సందుల్లోంచి జలజలా రాలింది. పాలు కారినా రంపం ఆగలేదు. అటొకసారి, ఇటొకసారి, నలభై ఏళ్ళ కాపరంలో ఇంత మాటా మంతీ లేకుండా ఇద్దరూ ఒక పని చెయ్యడం అదే మొదలు. కొమ్మ సన్నగా మూలిగింది. బుచ్చిబాబు రంపాన్ని ఆమెకు వదిలేసి రెండు చేతులూ చాచాడు. కొమ్మ వచ్చి ఆయన ఎడంభుజం మీద పసిపిల్లలా వాలింది. బెరడు చీలలేదు. ఒక్క ఆకు కూడా నేల తగల్లేదు.

తొమ్మిది పన్నెండుకి రాట గుంటలో నిలబడింది. పింకీ దానికి పసుపు రాస్తూ, "తాతయ్యా, నాకు చెల్లెలుంది, గుర్తుందిగా. దాని పెళ్ళికీ మీరే" అంది.

"మీ మామ్మని అడుగు. రంపం రెండో కొస ఆవిడది" అన్నాడు బుచ్చిబాబు. మెడ మాత్రం పైకే ఉంది.

పెళ్ళిరోజున భోజనాల్లో అచ్చాయమ్మ ఆడవాళ్ళ బంతిలో కూర్చుని మగవాళ్ళ బంతి వైపే చూస్తోంది. సాంబారు వెళ్ళింది. రసం వెళ్ళింది. పెరుగు బకెట్టు వచ్చింది. బుచ్చిబాబు విస్తరి మధ్య గుంట చేసి పోయించుకున్నాడు. తిన్నాడు. బకెట్టు దాటిపోతుంటే వడ్డించేవాణ్ణి వెనక్కి పిలిచాడు.

"ఇంకో గరిటె వెయ్యవయ్యా. కొసరు లేదా ఏంటి?"