రెండు సెకన్ల అయ్యో

మా బళ్ళో లెక్కల టీచర్ని అందరం లెక్కలమ్మ అనే పిలుస్తాం. పక్క గదిలో సైన్సు చెప్పుకునే నాకు ఆవిడ పాఠం గోడ అవతలి నుంచి సగం వినబడేది. నా పాఠం కన్నా అదే బాగుంటుందని నా తరగతి పిల్లలే మొహం మీద అనేవారు. ఎవరైనా తప్పు చెబితే ఆవిడ "అయ్యో!" అని దీర్ఘం తీసి, పక్కకి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి "పోనీలే, మళ్ళీ చూద్దాం" అనేది. ఆ అయ్యో కోసం కావాలని తప్పు చెప్పే తుంటరులూ ఉండేవారు.

ఆవిడ ఏడో తరగతిలో దర్జీ గారి అమ్మాయి ఉంది. తప్పుల మీదుగా ఒప్పుకి నడిచే రకం. మైనస్ ఐదులోంచి మైనస్ మూడు తీసెయ్యమంటే ముందు మైనస్ ఎనిమిది అనేది, తర్వాత రెండు అనేది, నాలిక కరుచుకుని చివరికి మైనస్ రెండు దగ్గర ఆగేది. ఆగాక ఇక ఎవరు కదిపినా కదిలేది కాదు. "దీని బుర్ర నిదానంగా ఉడుకుతుందండీ, కానీ పలుకుండదు" అని లెక్కలమ్మ మురిసిపోయేది.

ఇంతలో బడికి ట్యాబ్‌లు వచ్చాయి, వాటిలో లెక్కల ఆట. జవాబు సరైతే బొమ్మ మెట్టెక్కుతుంది, తప్పయితే బర్రుమని మోత. ఆ మోత వినేసరికి లెక్కలమ్మకి ఒళ్ళు మండింది.

"పిల్లల మీద అలా గేదెలా అరుస్తుందేంటండీ ఇది?"

టీచర్లు సొంత గొంతు పెట్టుకోవచ్చని తెలిసి, తలుపేసుకుని తన మాట మొత్తం ముద్దుగా చెప్పింది. ఆ ఆట రెండు సెకన్ల గొంతే దాచుకుంటుందట. ఆవిడ దీర్ఘానికే అది సరిపోయింది. పోనీలే కత్తిరించుకుపోయి అయ్యో ఒక్కటే మిగిలింది.

"చాల్లెండి, అయ్యో అంటే అందులో అన్నీ వచ్చినట్టే కదా" అంది.

అబద్ధమెందుకు, చాలామందికి ఆ ఆట మేలే చేసింది. ఎక్కాలంటే పారిపోయేవాళ్ళు విరామంలో కూడా ట్యాబ్ వదిలేవారు కాదు. దర్జీ గారి అమ్మాయికి మాత్రం ప్రతి లెక్కకీ రెండు మూడు అయ్యోలు పడేవి. భుజం మీద చెయ్యి లేని అయ్యో, అదీ గదంతా వినబడేలా. పక్క బల్లలవాళ్ళు ముందే రాగం అందుకునేవారు. చూస్తూండగానే ఆ పిల్ల పేరే అయ్యో అయిపోయింది. "అయ్యో, కాస్త జరుగు." "ఇవాళ అయ్యో రాలేదా?"

లెక్కలమ్మ తన ట్యాబ్ తెర మీద ఆ పిల్ల తప్పులు తగ్గిపోయాయని సంబరపడింది. తగ్గవా మరి! జవాబు నొక్కడమే మానేసింది కదా.

ఒకరోజు దర్జీ మెళ్ళో టేపుతోనే బడికి వచ్చాడు.

"అమ్మా, లెక్కలున్న రోజు మా పిల్ల కడుపునొప్పంటోందండీ. రోజూ మీరే దాన్ని చూసి అయ్యో అంటున్నారంట గదా. మరీ అంత పనికిరానిదా అండీ?"

లెక్కలమ్మ తన ట్యాబ్ అందుకుంది. అప్పటికప్పుడు ఆటలోంచి తన గొంతు తీసేసింది. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తరగతి నోట్లోంచి ఆ పేరు తీసెయ్యడానికి ఏ మీటా లేదు.

బడి విడిచాక ఆ పిల్లని కూర్చోబెట్టి, ఒక మైనస్ లెక్క వేసి కాగితం ముందు పెట్టింది. నేను సంచి తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాను. పిల్ల పెన్సిలు పట్టుకుని, పెదాలు బిగించుకుని కూర్చుంది.

"ఏదో ఒకటి చెప్పవే తల్లీ. తప్పయినా పర్లేదు."

ఆ పిల్ల తలెత్తకుండానే అంది.

"మీరు బయటికెళ్తే చేస్తాను టీచర్."

లెక్కలమ్మ లేచి వచ్చి నా పక్కన గోడకి ఆనుకుంది.

"నేను పక్కనుంటేనే లెక్క వస్తుందనేదండీ ఇది" అంది కళ్ళు తుడుచుకుంటూ.

లోపల పెన్సిలు గీస్తున్న చప్పుడు వినబడుతోంది. వెళ్ళి చూడటానికి మాత్రం ఆవిడకి ధైర్యం చాలలేదు.