ఆఖరి పోగు

నా బిడ్డ పోయింది. పొద్దున ఆఫీసుకని ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కిన మనిషి దిల్‌సుఖ్‌నగర్ దాటగానే కూలబడిపోతే మూసారాంబాగ్‌లో దించారట. ఎవరో అమ్మాయి నా బిడ్డ ఫోన్ నుంచే నాకు చేసి, "అమ్మ అని నంబర్ కనవడితే చేస్తున్న, జల్ది రండి" అంది. నేను దవాఖానకు చేరేసరికే గుండె ఆగిపోయిందన్నారు. పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. పక్కింటి వదినకు ఫోన్ చేసి ఆర్పమన్నాను. ఆ రోజు నా చేతనైన పని అదొక్కటే.

నా బిడ్డ ఆఫీసు పేరు నాకు పూర్తిగా పలకడం రాదు. రాష్ట్రంలో గ్యాస్ అమ్మే కంపెనీలు ఇష్టమొచ్చినట్టు ధర పెంచకుండా చూసే ఆఫీసు. అది కంపెనీదీ కాదు, సర్కారు చెప్పినట్టు ఆడేదీ కాదు. మా గల్లీకి ఇదంతా ఎక్కడ తెలుసు? అందరూ ఆమెను గ్యాస్ మేడం అనేవారు. సిలిండర్ ఆలస్యమైతే మా గేటు కొట్టేవారు. పక్కింటి వదిన ఒకసారి ఖాళీ సిలిండర్‌ను మా వాకిట్లోకే దొర్లించుకొచ్చి, "ఏంది బిడ్డా, గ్యాస్ ఆఫీసరు పక్కింట్ల ఉండంగ గూడ నేను కట్టెలు ఏరుకోవాల్నా?" అని నిలదీసింది. నా బిడ్డ నవ్వుతూ మా నిండు సిలిండర్ ఆమెకిచ్చేసింది. "అత్తమ్మా, నేను గ్యాస్ అమ్మేదాన్ని కాదు, అమ్మేటోళ్ల మీద కన్నేసేదాన్ని" అంది.

"కన్నేసుడు సరే గని, గీ సిలిండర్ మీద జర చెయ్యెయ్యి. లోపల పెట్టిపో" అంది వదిన.

నాకూ మొదట్లో ఆ పనేంటో అర్థం కాలేదు. అడిగితే మా నల్గొండ ఊరి సంగతి గుర్తుచేసింది. అక్కడ పండుగకు నాలుగిళ్లవాళ్లం కలిసి మేకను కొనేవాళ్లం. కోసినాక మాంసం ఇంటికొకటి చొప్పున పోగులు పెట్టేది మా ఇంటాయన. పోగులు పెట్టే చెయ్యి ముందు తీసుకోకూడదని కట్టుబాటు. అందరూ ఏరుకున్నాక మిగిలిందే మాది. ఎప్పుడూ మనకు బొక్కలేనా, కండ రాదా అని నా బిడ్డ చిన్నప్పుడు ఏడ్చేది. "మనం ముందుగాల తీసుకుంటే రేపు నా చెయ్యిని ఎవరు నమ్ముతరు బిడ్డా?" అనేవాడాయన. తన ఆఫీసు పని కూడా అదేనంది. ఒక పక్క కంపెనీ, ఒక పక్క జనం, పోగులు సమంగా పడ్డాయో లేదో చూడటం.

ఒకసారి ధర మీద విచారణ ఉంటే నన్నూ తీసుకుపోయింది. పెద్ద హాలులో కంపెనీవాళ్లు ధర పెంచాలంటారు, ఎవరైనా లేచి వద్దనొచ్చు. ఒక ఆటో ఆయన లేచి, బంకులో గ్యాస్ కోసం లైన్‌లో నిలబడే సరికే గిరాకీ అంతా పోతోంది, ఇంక ధర కూడా పెంచితే ఎట్లా అన్నాడు. కంపెనీ పెద్దమనిషి ఇంగ్లీషులో ఏదో జవాబు చెప్పి కూర్చోబోయాడు. నా బిడ్డ ఆయన్ని ఆపి, "అడిగినాయనకు సమజయ్యేటట్టు చెప్పండి సార్" అంది. ఆయన మళ్లీ లేచి, తెలుగులో, తడుముకుంటూ చెప్పాడు. ఇంటికొచ్చాక నా బిడ్డ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి పొంగబెట్టింది. వంటంటే అంతే ఆమెకు. ఏది పెట్టినా మంట సన్నగా చేసి పుస్తకం పట్టుకునేది. గ్యాస్ మేడం ఇంట్లో పప్పే ఉడకదని నేను తిట్టేదాన్ని. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, అందరూ ఏరుకోగా బండి మీద మిగిలిన జామకాయలు తెచ్చేది. "మచ్చ పైననే అమ్మా, లోపల తియ్యగుంటది" అనేది.

పోయినేడు మా గల్లీకి పైపు గ్యాస్ వచ్చింది. అందరి వంటింట్లోకీ పోయింది. మా పైపు మాత్రం కిటికీ దాకా వచ్చి ఆగింది. ఆమే ఆపించింది. ఆ పైపు కంపెనీ ధర ఎంతుండాలో అప్పుడు ఆమే తేల్చాల్సి ఉంది. మోకాళ్లు నొస్తున్నాయి, సిలిండర్ జరపలేకపోతున్నానని నేను పోరు పెట్టాను. "ధర తేలనియ్యి అమ్మా. మనది ఆఖరి పోగు" అంది. అప్పటినుంచి సిలిండర్ అయిపోతే తనే మార్చేది, నన్ను ముట్టనిచ్చేది కాదు.

దినాలయ్యాక ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ధర సంగతి వాయిదా పడిందని, ఆమె కుర్చీలోకి కొత్త మనిషి రావాలని చెప్పాడు. కంపెనీకి ఏమీ కాని మనిషినే పెడతారా అని అడిగాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి చెప్పులేసుకున్నాడు. ఆ తర్వాత పైపు పనివాడు వచ్చి, గల్లీలో మీ ఇల్లొక్కటే మిగిలిందన్నాడు. "పెట్టించుకో వదినా. బిడ్డనే లేకపాయె, ఇంకేం చూస్తవ్?" అంది పక్కింటి వదిన. పోగులు పెట్టే మనిషే లేనప్పుడు మాది ఎప్పుడు తీసుకోవాలో ఎవరిని అడగను? మళ్లీ వస్తానని పనివాడు వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున అన్నం సగం ఉడికాక మంట నీలంగా వణికి ఆరిపోయింది. నిండు సిలిండర్ పక్కనే ఉంది. దాని మూత తీయడం కూడా నాకు చేతకాలేదు. అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. కిటికీ చువ్వల అవతల, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, మూత బిగించిన పైపు ఎండలో మెరుస్తోంది.