కునుకు పట్టిన బుధవారం

ఆ దర్జీని వీధంతా గడియారం పిన్ని అనేవారు. ఊరికే అనలేదు లెండి. పన్నెండేళ్లుగా ప్రతి బుధవారం పొద్దున్న ఏడింటికి మేడమీద అదే మూల, అదే ముక్కాలిపీట. ఎదురుగా మూతపడ్డ మిల్లు పొగగొట్టం, దాని అంచున డేగల గూడు. బైనాక్యులర్స్‌తో నలభై నిమిషాలు చూసి, అటవీశాఖవాళ్లు ఇచ్చిన పుస్తకంలో రాసేది. పిల్లలుంటే ఎన్నో, లేకపోతే "లేవు", మంచు కమ్మేస్తే "కనబడలేదు". ఈ చివరి రెంటికీ తేడా తెలియనివాళ్లు పక్షుల జోలికి పోకూడదని ఆవిడ అభిప్రాయం.

కుట్టుమిషను చప్పుడు లేని ఆ కాసేపూ ఆవిడకు తన ఒళ్లు తనది కానట్టుండేది. పల్చటి ఎండలో పొగగొట్టం మెల్లగా ఊగుతున్నట్టు, మేడ మేడంతా మబ్బుల్లోకి జారిపోతున్నట్టు అనిపించేది.

పన్నెండో ఏట ఒక బుధవారం, బడి యూనిఫారాలు కుట్టి కుట్టి అలిసిపోయిన కళ్లు వాటంతటవే మూతలుపడ్డాయి. గూట్లో రెండు తెల్లటి పిల్లల వెనక మూడోది తలెత్తి తనవంకే చూసింది. "మూడు" అని రాసేసింది. కిందికి దిగి టీ తాగుతుంటే అనుమానమొచ్చింది. చూసిందా, కలగందా? ముందు వారం రెండే. తర్వాతి వారాల్లోనూ రెండే. ఆ మూడు మాత్రం పంటికింద రాయిలా మిగిలిపోయింది.

ఆ రెండు పిల్లలూ ఎగిరిపోయాక మిల్లు కూల్చే ఇంజనీరు వచ్చాడు. మర్నాడే పొగగొట్టం కూల్చాలి, గూట్లో పిల్లలుంటే అటవీశాఖ ఒప్పుకోదు. "గూడు ఖాళీ" అని ఆవిడ రాసి సంతకం పెడితే చాలు.

"మధ్యలో ఒక వారం మూడని ఉందేంటమ్మా? ఒకటి చచ్చిపోయుంటుంది లెండి."

ఆడపడుచు ఆవిణ్ని పక్కకు లాగింది. "వదినా, ఇంకోటుందని గట్టిగా చెప్పు! రాసే ఉంది కదా. అది ఎగిరేదాకా ఆగుతారు. ఆ గొట్టం పోతే బుధవారాలు ఏం చేస్తావ్?"

ఆవిడకు గొట్టం లేని బుధవారం ఊహకే అందలేదు. అయినా కలం తీసి ఆ "మూడు" మీద గీత కొట్టి, పక్కన "కునుకు పట్టింది, లెక్కలోకి తీసుకోవద్దు" అని రాసింది.

"పన్నెండేళ్లలో తప్పు ఇదొక్కటేనా?" అన్నాడు ఇంజనీరు.

"దొరికింది ఇదొక్కటే, బాబూ."

"మరింకేం, ఖాళీ అని రాసేయండి."

"గూడు వెనక మూల నాకిక్కణ్నుంచి కనబడదు. లేదనడానికి నేనెవర్ని?" అని గళ్లో "కనబడలేదు" అని రాసింది.

ఆ మాటతో కాగితం ముందుకు కదలదు. మహాతల్లితో పెట్టుకున్నానని గొణుక్కుంటూ, తాళ్లు కట్టుకుని ఎక్కేవాణ్ని పైకి పంపాడు. కాసేపటికి కేక వినబడింది. "సార్, ఇంకోటుంది! బుల్లిది, వెనకాల నక్కింది! రెక్కలింకా సరిగా రాలేదు!"

అది ఎగిరేదాకా పని ఆపమని ఇంజనీరు ఫోన్ చేశాడు. తర్వాత ఎలాగూ కూలుస్తారు, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆడపడుచు మాత్రం గంతేసింది. "నువ్వు చూసింది నిజమే వదినా! ఆ గీత చెరిపేసి మళ్లీ మూడు రాయి!"

"కళ్లు మూసుకుని చూసింది పుస్తకానికెలా ఎక్కిస్తానే, పిచ్చిదానా!" ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. కొట్టేసిన గడి జోలికి పోకుండా, ఆనాటి తేదీ వేసి కింద వరసలో రాసింది: "పిల్ల ఒకటి. చూసింది తాళ్లతను. నేను చూడలేదు."